నాకున్నది, నా దగ్గరున్నది

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు తొలి పాఠాలలోనే ఎదురయ్యే క్రియ 'హ్యావ్'. నాకు ఇద్దరు అక్కలున్నారన్నా, జ్వరమున్నదన్నా, జేబులో వంద రూపాయలున్నాయన్నా, ఊరిలో పొలమున్నదన్నా ఇంగ్లీషుకు ఆ ఒక్క మాటే చాలు. సొంతమని ప్రత్యేకించి చెప్పడానికి 'ఓన్' ఉన్నప్పటికీ వాడుకలో 'హ్యావ్'దే రాజ్యం. పట్టుకొనుట అనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుండి అది పుట్టిందని భాషావేత్తలు చెబుతారు. 'క్యాప్చర్' అనే మాటకూ మూలం అదే.

దానికి సరితూగే క్రియ తెలుగులో లేదు. మనకున్నది 'ఉండు' మాత్రమే. అందుచేత ఆ వస్తువు 'నాకు' ఉన్నదా, 'నా దగ్గర' ఉన్నదా అన్నది విడిగా చెప్పుకోవలసి వస్తుంది. ఉర్దూలో అక్కాచెల్లెళ్లను చెప్పేటప్పుడు 'మేరీ' అంటాము, డబ్బుకు 'మేరే పాస్' అంటాము, జ్వరానికి 'ముఝే' అంటాము. అరబ్బీలోనూ 'లీ' అంటే నాకు, 'ఇందీ' అంటే నా వద్ద, 'మఈ' అంటే నా వెంట.

ఈ భేదం ఎంత విలువైనదో నాకు మా అబ్బా మాటల్లో తెలిసింది. మా దాదీ ముందే కన్నుమూశారు. దాదా మరణించిన తరువాత నాలుగెకరాల పొలం అబ్బా పేరిట పాసుపుస్తకంలోకి ఎక్కింది. ఎవరు అడిగినా ఆయన సమాధానం ఒకటే: "నా దగ్గర నాలుగెకరాలున్నది. నాకున్నది మాత్రం రెండే." మిగిలిన రెండూ మా ఇద్దరు ఫుప్పులవి, చెరొక ఎకరం.

ఫుప్పులు తమ వాటా అడగలేదు. అడిగితే పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయం మన ఇళ్లలో ఎందరో ఆడపడుచులది. "మాకెందుకు భాయీజాన్, మీరే ఉంచుకోండి" అన్నారు. అబ్బా ఒప్పుకోలేదు. "ముందు పొలం మీ చేతికి రానివ్వండి. వద్దనే మాట ఆ తరువాత చెప్పండి" అని ఇద్దరి పేరిటా రిజిస్ట్రేషన్ చేయించారు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరూ వద్దనలేదు. కొన్నేళ్లకు చిన్న ఫుప్పు భర్తను కోల్పోయారు. ఎవరి ముందూ చేయి చాచకుండా ఆమెకు అందిన ఆదాయం ఆ ఎకరం కౌలే.

తల్లిదండ్రులు వదిలి వెళ్లిన ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకూ నిర్ణీత భాగమున్నదని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 7వ ఆయత్ ప్రకటించింది. 11వ ఆయత్ ఆ వాటాలను లెక్కకట్టి చెప్పింది. అమానతులను హక్కుదారులకు అప్పగించమని అదే సూరా 58వ ఆయత్ ఆదేశించింది. కనుక సోదరికి ఇచ్చే వాటా సోదరుని దయ కాదు, ఆమె సొత్తును ఆమెకు చేర్చడమే.

రోజుకు ఎన్నోసార్లు మనం 'అల్‌హమ్దులిల్లాహ్' అంటాము. అందులోని 'లి'కి అర్థం 'కు' అనే. సకల స్తోత్రాలూ అల్లాహ్‌కు. సకల సంపదా ఆయనదే. మన చేతిలో ఉన్నదంతా ఆయన మన దగ్గర ఉంచినదే. అటువంటప్పుడు అందులో ఆయనే నిర్ణయించిన మరొకరి భాగాన్ని 'నాకున్నది' అని ఎలా అనగలము?

పాఠక సోదరులారా! ఒకసారి మీ ఇంటి పాసుపుస్తకం తెరిచి చూడండి. అందులో మీకున్నదెంత, మీ దగ్గరున్నదెంత? ఆ లెక్కను ఈ లోకంలోనే సరిచేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.