పదకొండు సెకన్ల గూగ్లీ

నా ఫోన్‌లో పదకొండు సెకన్ల వీడియో ఒకటుంది. డిలీట్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను, చేయలేదు.

అందులో నేను నాలుగడుగులు పరిగెత్తి బంతి వేస్తాను. బంతి బయటికి పోతుందనుకుని బ్యాట్స్‌మన్ దర్జాగా వదిలేస్తాడు. అది లోపలికి తిరిగి ఆఫ్ స్టంప్‌ని లేపేస్తుంది. వెనకాల నుంచి మావాడి అరుపు: "అయిపోయాడ్రా మామా!"

2025 జనవరిలో మావాడు దాన్ని ఇన్‌స్టాలో పెట్టాడు. రెండు రోజుల్లో నాలుగు వేల వ్యూస్. మీకు ఇది చిన్న నంబరే కావచ్చు. అశ్వారావుపేటలో డిగ్రీ ఫస్టియర్ చదివేవాడికి అది మామూలు విషయం కాదు. టీ కొట్టు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా "గూగ్లీ తమ్ముడు నువ్వే కదా?" అని పలకరించేవాళ్లు. కాలేజీ టీమ్‌లో ఫస్టియర్‌ వాడిని నేనొక్కడినే. సీనియర్లు కూడా "వీడు పైకొస్తాడ్రా" అనేవాళ్లు. నిజం చెప్పాలంటే, నేనూ అదే అనుకున్నాను.

అసలు ఈ గూగ్లీ గొడవేంటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా ఊరి చుట్టూ పామాయిల్ తోటలే. నాన్న గెలలు కోసే పనికి వెళ్తాడు. పొడవాటి గెడకు కట్టిన కొడవలితో పొద్దున్నుంచి తల పైకెత్తి కోస్తూనే ఉంటాడు. తోటలో క్రికెట్ కుదరదు. అడుగడుక్కీ చెట్టు, కింద మట్టలు. మా ఆటంతా బడి గ్రౌండ్‌లోనే. అక్కడే టెన్నిస్ బంతితో లెగ్ బ్రేక్ నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. యూట్యూబ్, మా ఇంటి వెనక గోడ, ఇంటర్ చదివిన రెండేళ్లు. అంతే.

క్రికెట్ అంతగా తెలియనివాళ్ల కోసం: లెగ్ బ్రేక్ అంటే మణికట్టు తిప్పి, ఉంగరం వేలితో బంతిని మెలేసి వదలడం. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి అది నేలమీద పడ్డాక బయటికి తిరుగుతుంది. గూగ్లీ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. కానీ మణికట్టు ఇంకాస్త ఎక్కువ తిరిగి, బంతి చేతి వెనకనుంచి వస్తుంది. అందుకే లోపలికి తిరుగుతుంది. దీన్ని కనిపెట్టింది బోసన్‌క్వెట్ అనే ఇంగ్లండ్ ఆటగాడు. బల్లమీద టెన్నిస్ బంతితో ఆడుకునే ఒక ఆటలోంచి అతనికి ఈ ఆలోచన పుట్టింది. 1900లో లార్డ్స్‌లో మొదటి వికెట్ తీశాడు. ఆ బంతి నాలుగుసార్లు నేలమీద ఎగిరిందట! 98 పరుగుల దగ్గరున్న బ్యాట్స్‌మన్ స్టంప్ అవుట్.

ఒకరాత్రి స్పిన్ వీడియోలు చూస్తుంటే యూట్యూబ్ నన్ను అమెరికా తీసుకెళ్లింది. బేస్‌బాల్. అందులో పిచ్చర్ కర్వ్‌బాల్ వేస్తున్నాడు. తిన్నగా వస్తున్న బంతి బ్యాటర్ దగ్గరికి రాగానే పైనుంచి ఎవరో నొక్కినట్టు కిందికి పడిపోతోంది. అక్కడ బంతి నేలమీద పడదు కాబట్టి తిరగడమంతా గాలిలోనే జరగాలి. దూరం 18.44 మీటర్లు. మన పిచ్ 20.12 మీటర్లు. పెద్ద తేడా లేదు. కిటుకు కూడా ఒకటే. ముందుకి దొర్లేలా మెలేసిన బంతి తన చుట్టూ ఉన్న గాలిని పైకి తోస్తుంది, గాలి దాన్ని కిందికి తోస్తుంది. 1852లో మాగ్నస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనిమీద ప్రయోగాలు చేశాడు కాబట్టి అతని పేరే పెట్టారు. మొదటి కర్వ్‌బాల్ వేశాడని చెప్పే క్యాండీ కమ్మింగ్స్‌కి ఈ ఆలోచన చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు విసురుతుంటే వచ్చిందట. ఒకడికి బల్లమీద, ఇంకొకడికి ఒడ్డుమీద. నాకు గోడ. ఆ పోలిక ఆ రాత్రి నాకు తెగ నచ్చేసింది.

మనవాళ్లు కూడా ఆ ఆటలోకి వెళ్లారు తెలుసా? రింకూ సింగ్, దినేష్ పటేల్ ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు. జావెలిన్ విసిరేవాళ్లు. 2008లో ఒక టీవీ పోటీలో గెలిచి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ రింకూనే తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈలో వీర్ మహాన్ అయ్యాడు. వాళ్ల కథతో వచ్చిన సినిమా చూసి నేను మా గ్రౌండ్‌లో నిలబడి అమెరికా కలలు కన్నాను. నవ్వుకోండి, పర్లేదు.

కానీ కర్వ్‌బాల్ వీడియోల్లో ప్రతివాడూ చెప్పే మాట ఒకటి నా చెవికెక్కలేదు. కర్వ్‌బాల్ పనిచేసేది ఫాస్ట్‌బాల్ ఉంటేనే. తిన్నగా వేగంగా వచ్చే బంతికి బ్యాటర్ సిద్ధమైతేనే వంకర బంతికి మోసపోతాడు.

నేను గూగ్లీ మొదలుపెట్టింది కాలేజీలో చేరాకే. అంతవరకు ఓవర్‌కి ఆరు లెగ్ బ్రేక్‌లు వేసేవాడిని. గూగ్లీకి వికెట్లు పడటం మొదలయ్యాక ఆరులో రెండయ్యాయి. రీల్ వచ్చాక నాలుగు. తర్వాత లెక్కపెట్టడం మానేశాను. బ్యాట్స్‌మన్ తికమకపడితే వచ్చే కిక్కే వేరు. బయటికి తిరిగే బంతికి ఎవరైనా రీల్ తీస్తారా?

అదే సమయంలో మా జిల్లా అంతా పండగ. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. కౌలాలంపూర్‌లో అండర్-19 అమ్మాయిల టీ20 ప్రపంచ కప్ ఫైనల్. మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష దక్షిణాఫ్రికా మీద 3 వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. మ్యాచ్ అవార్డు ఆమెదే, టోర్నీ అవార్డూ ఆమెదే. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు. స్కాట్లాండ్ మీద 110 నాటౌట్, ఆ ప్రపంచ కప్ చరిత్రలోనే మొదటి సెంచరీ. పైగా ఆమె వేసేది లెగ్ స్పిన్! టీ కొట్టు దగ్గర ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ మావాడు నా వీపుమీద చరిచాడు, "నెక్స్ట్ నువ్వే మామా."

నేను నమ్మేశాను. ఆ అమ్మాయి ఆట కోసం కుటుంబం మొత్తం భద్రాచలం వదిలి హైదరాబాద్ వెళ్లిందన్న సంగతి నాకూ తెలుసు. కానీ ఆరోజు నాకు కనిపించింది కప్పు మాత్రమే.

రెండు వారాల తర్వాత మా మ్యాచ్. ఇంకో ఊరి కాలేజీతో. గెలిస్తే ఫైనల్.

నా మొదటి బంతి గూగ్లీ. బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి మిడ్‌వికెట్ మీదుగా సిక్స్ కొట్టాడు. రెండోదీ గూగ్లీనే. ఫోర్. వాడి కళ్లలో తికమక లేదు. బంతి నా చేతిలో ఉండగానే వాడికి తెలిసిపోతోంది. కెప్టెన్ పరిగెత్తుకొచ్చాడు. "లెగ్ బ్రేక్ వెయ్‌రా, మామూలుది వెయ్!"

వేశాను. అది తిరగలేదు. ఇంకోటి వేశాను. ఫుల్‌టాస్. ఇంకోటి వేస్తే, వద్దన్నా లోపలికే తిరిగింది. రెండేళ్లు గోడకేసి కొట్టిన బంతి నా చేతిలో లేదు. ఎంత వెతికినా దొరకలేదు. మూడు ఓవర్లలో 44 పరుగులు. ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక ఆ బ్యాట్స్‌మన్ వచ్చి చెయ్యి కలిపాడు. మంచివాడే. "తమ్ముడూ, నీ రీల్ మా గ్రూప్‌లో పెట్టుకుని స్లో మోషన్‌లో చూశాం. గూగ్లీ వేసేముందు నీ ఎడమ భుజం కిందికి పడిపోతది. చూసుకో" అన్నాడు.

నాలుగు వేల మందిలో వాళ్లూ ఉన్నారన్నమాట.

తర్వాత రెండు వారాలు గ్రౌండ్ వైపు వెళ్లలేదు. జ్వరమని ఒకసారి, ఇంటర్నల్స్ అని ఇంకోసారి చెప్పాను. మావాడి ఫోన్ ఎత్తలేదు. ఆదివారం నాన్నతో తోటకి వెళ్లాను, రాలిన పండ్లు ఏరడానికి. నాన్న గెల పండిందో లేదో పైకి చూసి ఊరుకోడు, చెట్టు కింద ఎన్ని పండ్లు రాలాయో చూస్తాడు. అవి ఏరి నేను సంచిలో వేయాలి. ముళ్లు గుచ్చుకుంటాయి. ముల్లు తీయడానికి నాన్న నా చెయ్యి పట్టుకుని ఉంగరం వేలు చూశాడు. బంతి కుట్టు రాసుకుని అక్కడ కాయ కాచి ఉండేది.

"వేలు మెత్తబడ్డదేందిరా? ఆట మానేసినవా?"

అప్పుడు చెప్పాను మొత్తం. నాన్నకి క్రికెట్ అంతంత మాత్రమే. అంతా విని అడిగాడు.

"ఆ పాతది ఎన్నాళ్లు ఏసినవ్?"

"రెండేళ్లు."

"మరి ఈ కొత్తది?"

"నాలుగు నెలలు."

నాన్న ఇంకేమీ అనలేదు. గెడ తీసుకుని పక్క చెట్టు దగ్గరికి వెళ్లాడు.

సోమవారం పీడీ సార్ దగ్గరికి వెళ్లాను. తిడతారనుకున్నాను. ఆయన నవ్వి, "ఇది నీకొక్కడికే కాదు" అన్నారు. గూగ్లీ పిచ్చిలో పడి లెగ్ బ్రేక్ పోగొట్టుకున్న స్పిన్నర్లు ఎప్పటినుంచో ఉన్నారట. మణికట్టు ఒక దారికి అలవాటు పడితే రెండో దారి మర్చిపోతుంది. షేన్ వార్న్ టెస్టుల్లో 708 వికెట్లు తీశాడు. గూగ్లీ అతని గొప్ప ఆయుధమేమీ కాదు. 1993లో మైక్ గ్యాటింగ్‌ని బౌల్డ్ చేసిన బంతిని ఈ శతాబ్దపు బంతి అన్నారు. అది మామూలు లెగ్ బ్రేకే. గాలిలో లెగ్ వైపు జారి, నేలమీద పడి, ఆఫ్ స్టంప్‌ దగ్గరికి తిరిగింది.

సార్ పెట్టిన షరతు ఒక్కటే: నెలరోజులు గూగ్లీ వేయొద్దు. ఒక్కటి కూడా.

పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌. ఒక స్టంప్, పిచ్ మీద పరిచిన ఒక చేతిరుమాలు. బంతికి సగం తెల్ల టేపు చుట్టాను, ఎటు తిరుగుతోందో కనబడాలని. రోజుకి అరవై బంతులు. మొదటిరోజు రుమాలు మీద పడినవి నాలుగు. మూడో రోజు మూడు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బంతులు ఏరుకొచ్చేవాళ్లు లేరు, వీడియో తీసేవాళ్లు లేరు. వారం తర్వాత మావాడు కళ్లు నులుముకుంటూ వచ్చి కీపింగ్‌కి నిలబడ్డాడు. ఫోన్ ఎత్తనందుకు రెండు బూతులు తిట్టి, గ్లౌజులు తొడుక్కున్నాడు.

ఇరవయ్యో రోజో ఏమో, ఒక బంతి చేతిలోంచి వదిలినప్పుడు వేలిమీద పాత చిరచిర తగిలింది. బంతి గాలిలో కొంచెం లోపలికి జారి, కిందికి దిగి, రుమాలు అంచున పడి బయటికి తిరిగింది. మావాడి గ్లౌజులోకి టప్‌మని వెళ్లింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు. వాడు బంతి వెనక్కి విసిరాడు. ఆరోజు రుమాలు మీద పడినవి పంతొమ్మిది.

ఈమధ్య త్రిష ఫైనల్ స్కోర్‌కార్డు మళ్లీ తెరిచి చూశాను. అప్పుడు నాకు కనిపించింది 3 వికెట్లు. ఇప్పుడు దాని పక్కనున్న అంకెలు కనిపించాయి. 4 ఓవర్లు, 15 పరుగులు. ఇరవై నాలుగు బంతుల్లో మూడు వికెట్లు పోగా మిగిలిన ఇరవై ఒకటి కూడా ఎవరో ఒకరు వేయాలి కదా. వాటికి రీల్స్ ఉండవు.

ఇప్పుడు సెకండియర్. పైకొస్తానో లేదో తెలియదు. ఆ మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు, నేనూ అడగడం లేదు. మొన్నటి మ్యాచ్‌లో నాలుగు ఓవర్లలో రెండు గూగ్లీలు వేశాను. వికెట్లు రెండు పడ్డాయి, రెండూ లెగ్ బ్రేక్‌కే. ఒకటి స్లిప్‌లో క్యాచ్, ఒకటి స్టంపింగ్. ఇంకో క్యాచ్ మావాడే వదిలేశాడు.

నిన్న సాయంత్రం నెట్స్‌లో గూగ్లీ వేయబోతుంటే వాడు ఫోన్ తీశాడు.

"రీల్ తియ్యనా మామా?"

"తియ్యి. కానీ ఎక్కడా పెట్టకు, నాకు పంపు" అన్నాను. "భుజం ఇంకా పడుతోందేమో చూసుకోవాలి."

రాత్రి ఆ వీడియో, పాత వీడియో పక్కపక్కన పెట్టి చూశాను. ఇంకా పడుతోంది, కొంచెం.