అరకు చలి, గ్యాస్ హీటరు

విజయనగరం వాళ్ళం అరకు వెళ్ళాలంటే ఎస్.కోట మీదుగా బస్సెక్కుతాం. జనవరిలో ఎస్.కోటలో విప్పిన స్వెట్టరు అనంతగిరి ఘాటీలో మళ్ళీ తొడుక్కోవాల్సిందే!

మేం దిగిన బసలో గ్యాస్ హీటరు ఇచ్చారు. మన పక్క కొత్త వస్తువు కదా, కుర్రాడు వెలిగిస్తుంటే దగ్గరుండి చూశాను. ముందు కిటికీ నాలుగు వేళ్ళ సందు తెరిచాడు. రెగ్యులేటరు తిప్పి, ట్యూబు అతుకుల మీద సబ్బునీళ్ళు రాశాడు. బుడగలు రాకపోతే లీకు లేనట్టే. నాబ్ నొక్కి వెలిగించాక, చిన్నమంట అంటుకున్నా అర నిమిషం నొక్కే ఉంచాడు. మంట దగ్గరి తీగ వేడెక్కితేనే గ్యాస్ నిలుస్తుందట. మంట ఆరి అది చల్లారితే గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది. అంటుకోకపోతే ఐదు నిమిషాలు ఆగాలి సుమండీ, పోగైన గ్యాస్ భగ్గుమంటుంది.

ఆర్పేటప్పుడు ముందు సిలిండరు కట్టి, మంట పూర్తిగా ఆరాక నాబ్ తిప్పాలి.

"తెల్లార్లూ ఉంచేద్దామే" అన్నారు అత్తగారు. బాలింత గదిలో కుంపటి పెడితే తలుపు ఓరగా ఎందుకు ఉంచేవారత్తయ్యా అన్నాను. గాలి చాలకుండా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం, మగత అనిపిస్తే పిల్లల్ని తీసుకుని వెంటనే బయటికి వచ్చేయండి. గ్యాస్ వాసనే వస్తే స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరిచి, బయటికెళ్ళి 1906కి ఫోను చేయండి.

హీటరు ఆర్పేశాకే పడుకున్నాం. రగ్గులు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, అక్కడ ఇచ్చేవి చాలవు.