మంచెమీది వ్రాత

గత సంవత్సరము తలిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక రైతు నాయొద్దకు వచ్చి, తలగుడ్డ విప్పి చేతబట్టుకొని, "అయ్యవారా, మన బడి పత్రికలో మీ కత మా పాపతో చదివించుకొని ఇన్నాను. బాగుండాది. అయితే ఒక మాట అడగతాను. పొద్దన్నే మిమ్మల్ని పాలు పోసే తావులో చూస్తాను. పగలంతా బడిలో ఉంటారు. రాత్రయితే చేనికాడ మంచె మీద బ్యాటరీలైటు మీదే. మరి రాసేది ఎప్పుడు?" అని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని. ఆయన విడువలేదు. "మా పాపకు రాసే పిచ్చి పట్టుకొనింది. అందుకని అడగతా ఉండాను" అనెను. ఆ మాటతో నా నవ్వు నిలిచిపోయినది. ఆ బాలిక మన పాఠశాలలోనే తొమ్మిదవ తరగతి చదువుచుండెను. ఆయనకు ఆనాడు చెప్పలేని సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

రచయిత యనగా చిన్ననాట నా మనస్సులో ఒక చిత్రముండెడిది. విశాలమైన గది, కిటికీ ముందు బల్ల, బల్లమీద తెల్లకాగితముల దొంతర, ఎవరును పిలువని ప్రాతఃకాలము. అట్టి గదిని నేనింతవరకు చూడలేదు. మా యింట బల్ల యొకటి కలదు గాని దానిపై ఏడాదికి ఆరునెలలు రాగిమూటలుండును, తక్కిన ఆరునెలలు విద్యార్థుల నోటుపుస్తకము లుండును. నాలుగు గంటలకు నిద్రలేచి, ఆవులకు మేతవేసి, పాలుపోసివచ్చి, సంగటి తిని తొమ్మిదింటికి బడిగంటను అందుకొనవలెను. సాయంకాలము మరల చేను. ఇందులో వ్రాతకు చోటెక్కడ?

అందులోను మన యంచెట్టి ప్రాంతమునకు ఒక ప్రత్యేకత యున్నది. రాగి పండుకాలము, అర్ధసంవత్సర పరీక్షలకాలము, ఏనుగులు దిగుకాలము ఇచ్చట ఒక్కటే. 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడిన అడవి మన పొలముల గట్టుకు ఆనుకొనియే యున్నది. ఆషాఢ శ్రావణములలో చల్లిన రాగి కార్తిక మార్గశిరములనాటికి కంకి ముదురును. ఆ సంగతి మనకంటె ముందుగా ఏనుగులకు తెలియును. ఒక్క రాత్రి మంద దిగినచో నాలుగునెలల కష్టము తెల్లవారుసరికి నేలమట్టమగును. కావున ఆ దినములలో మంచెమీద నిద్ర కాయుట తప్పదు. పంతులైనను తప్పదు.

నా యవస్థ నాకొక్కనికే కలిగినదని చాలకాలము విచారించితిని. తరువాత మన కథకుల జీవితములను గూర్చి చదివి కొంత సిగ్గుపడితిని. మనకు పొరుగున, నాటి చిత్తూరు జిల్లాలోని దామలచెరువులో కాపురముండిన మధురాంతకం రాజారాం గారు బడిపంతులు. పాఠములు చెప్పుచునే మూడువందలకు పైగా కథలు వ్రాసిరి. 1993లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆ కథలలోని మనుష్యులు మన త్రోవలో ఎదురగువారే: వానకై చూచు రైతు, జీతమునకై చూచు పంతులు. అంతటి పంటకు పొలము ఆయనకు బడిత్రోవయే యైనదని నా నమ్మకము. "గాలివాన" కథకు 1952లో ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి నందిన పాలగుమ్మి పద్మరాజు గారు కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించినవారు. మన హోసూరు ప్రక్కనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ గారు వకీలు, రాజకీయనాయకుడు. 1921 చివర వెల్లూరు జైలుకు పోయినప్పుడు అచ్చట దినచర్య వ్రాసిరి. తీరిక దొరకుటకు ఆయనకు జైలే శరణమైనదని మా ఉపాధ్యాయుల గదిలో ఒక పరిహాసము.

నాకు మాత్రము వీరందరిలో కాళీపట్నం రామారావు గారు ఎక్కువ దగ్గరివారుగా తోతురు. ఆయన విశాఖపట్టణములో ఒక ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దములు పంతులుగా నుండిరి. వ్రాసినవి కొద్ది కథలు. 1964లో వెలువడిన "యజ్ఞం" ఒక్కటి చాలును. ఆ పిదప, తాను వ్రాయుటకంటె ఇతరులు వ్రాసినవి పోకుండ చూచుట ముఖ్యమని తలచి 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. ఈ విషయమును నేనెందుకు తలచుచున్నానో తరువాత చెప్పెదను.

ఇచ్చట ఒక మాట. ఈ పెద్దల యిండ్లలో వారు వ్రాయుచున్నంతసేపు పొయ్యి మండించినదెవరో, పిల్లలను నిద్రపుచ్చినదెవరో పుస్తకములలో అంతగా కానరాదు. నా సంగతి నాకు తెలియును. నేను వ్రాయునట్టి అరగంట నా యిల్లాలినుండి తీసికొన్న అప్పు. ఆ పూట ఆవుపాలు ఆమె పితుకును. తలగుడ్డ చేతబట్టి నన్నడిగిన ఆ తండ్రితో, మీ పాపకు ఆ అరగంట ఎవరిచ్చెదరో ఇంటిలో ముందుగా తేల్చుకొనుడని చెప్పవలసియుండెను. మగపిల్లవాడు వ్రాయుచున్నచో చదువుకొనుచున్నాడందురు; ఆడపిల్ల వ్రాయుచున్నచో ఊరక కూర్చున్నదందురు.

మంచెమీద నేను వ్రాయుట నిజమే. సిరాకలము పనికిరాదు. మంచుకు అక్షరములు అలికిపోవును. కావున పెన్సిలు. ఒకచేత బ్యాటరీలైటు, మోకాలిపై అట్ట, ప్రక్కన తప్పెట. మూడేండ్ల క్రిందట ఒక రాత్రి ఒక కథ చక్కగా సాగుచున్నది. "మొబ్బులోనే లేచి" అని వాక్యము మొదలుపెట్టితిని. అంతలో క్రింది చేనిలో కొమ్మ విరిగిన చప్పుడు. తరువాత నాలుగు మంచెలమీదినుండి కేకలు, తప్పెటలు, టపాకాయలు. తెల్లవారి చూచినచో మాది మూలమడి పోయినది. ప్రక్కవారిది సగము పోయినది. కాగితము కంకులనడుమ దొరకినది. దానిపై "మొబ్బులోనే లేచి" అనునంతవరకే యున్నది. ఆ వాక్యమును ఏమని ముగింపదలచితినో నేటికిని జ్ఞప్తికి రాలేదు. కథ మరియొక విధముగా పూర్తియైనది. దానిని ఒక పత్రికకు పంపగా, "మొబ్బు" అను మాట పాఠకులకు తెలియదు, "చీకటి" యని మార్చుడని వ్రాసిరి. మార్చలేదు. తెల్లవారుటకు ముందుండు చీకటి వేరు, రాత్రి చీకటి వేరు. ఆవులున్నవారికి ఆ భేదము తెలియును. కథ మన బడిపత్రికలోనే వచ్చినది.

పోయిన మడి మరుసటి యేట పండినది. పోయిన వాక్యమును గూర్చియు నాకు పెద్ద చింత లేదు. చింత మరియొకటి యున్నది.

మా పెద్దమ్మకు విసురురాతి పాటలు వచ్చును. రాగులు విసరుచు మొబ్బులో ఆమె పాడుచుండగా మేము మేలుకొనెడివారము. ఆ పాటలలో అత్తింటి కష్టములుండెను, కావేరి పొంగుండెను, అడవిలో తప్పిపోయిన యన్నను పిలుచు చెల్లెలుండెను. ఊరికి మిషను వచ్చిన తరువాత రాయి పెరటిలో బోర్లపడినది. పాటలు మాత్రము ఆమెలో నుండెను. వ్రాసికొనవలెనని నేను నిశ్చయించుకొంటిని. "కోతలు కానిమ్ము పెద్దమ్మా, పరీక్షలు కానిమ్ము" అంటిని. ఆమె "కానీలే నాయనా, నేనెక్కడికి పోతాను" అనెను. మరుసటి యేట అదే మాట నేనంటిని, అదే మాట ఆమె అనెను. ఈ విధముగా నాలుగేండ్లు గడచినవి. ఐదవయేట సంక్రాంతి సెలవులలో కొత్త నోటుపుస్తకము కొనుక్కొని పోతిని. ఆమె యింటిముందర అనపకాయలు వలుచుచుండెను. నన్ను చాలసేపు చూచి, "ఎవురి పిల్లోడివి నాయనా నువ్వు?" అని యడిగెను.

ఆమె పక్కన కూర్చుండి నేనును అనపకాయలు వలిచితిని. కొంతసేపటికి ఆమె పాట తీసినది. రాగము చెక్కుచెదరలేదు. మాటలే లేవు. ఊ యనుచు, మధ్యమధ్య "అన్నా" యనుచు సాగినది. నోటుపుస్తకములో ఆ "అన్నా" యను ఒక్కమాట తప్ప మరేమియు వ్రాయలేకపోయితిని. ఏనుగులు తొక్కిన చేనికి పరిహారమునకై అర్జీ పెట్టవచ్చును. దీనికి ఎవరికని అర్జీ పెట్టుదును?

ఆనాటినుండి నా పద్ధతి మారినది. తీరిక వచ్చినప్పుడు వ్రాయుదునను మాట మానితిని. చొక్కాజేబులో అరచేయంత పుస్తకముండును. పరీక్షహాలులో పర్యవేక్షణ ముగిసి కట్ట కట్టులోపల రెండు వాక్యములు; పాలక్యూలో ఒకటి; డెంకణికోటకు పోవు బస్సులో, మలుపులు తక్కువగానున్న చోట నాలుగైదు. రోడ్డుమీద రాగికంకులు పరచిన చోట బస్సు నెమ్మదిగా పోవును గదా, చక్రములు నూర్పిడి చేయుచుండగా నేనును నా పని చేసికొందును. వచ్చినది కథయగునా కాదా యని అప్పుడు చూడను.

రామారావు గారిని తలచుకొనుటకు కారణమిదియే. ఇప్పుడు నావి వ్రాయుటకంటె ఇతరులవి ఎక్కువగా వ్రాసికొనుచున్నాను. పిల్లలకును ఆ పని చెప్పితిని. సెలవులకు పోవునప్పుడు ఇంటిపని లెక్కలతోబాటు, అవ్వనో తాతనో అడిగి ఒక పాటయో, కతయో, మాటయో వ్రాసికొని రావలెను. ఒకడు ఆవులను అదలించు ఆరు విధముల అదలింపులు వ్రాసికొని వచ్చెను. తొమ్మిదవ తరగతి బాలిక, నేను మొదట చెప్పిన యామె, ఇరువది పుటలు తెచ్చెను. అందులో నాలుగవ పాటలో అడవిలో తప్పిపోయిన యన్న కలడు. వాళ్ల అవ్వ పాడునదట. అది మా పెద్దమ్మ పాటయే యని నేననలేను. రాగము నాకు తెలిసినదానివలె నుండెను, మాటలు నాకు గుర్తులేవు.

2006లో మన రాష్ట్రమున తమిళము తప్పనిసరి పాఠ్యాంశముగా శాసనము వచ్చినప్పటినుండి, తెలుగు చదువును గూర్చి తలిదండ్రులకు అనేక సందేహములు. తమిళము నేర్చుటలో నష్టమేమియు లేదు. నేనును నేర్చితిని, కొన్ని కథలకు దానివలన బలము కలిగినది. "తెలుగు రాసి మా పాప ఏమి చేస్తుంది?" అని అడుగువారికి ఆ ఇరువది పుటలను చూపుచున్నాను. ఉద్యోగము వచ్చునని చెప్పలేను.

ఈ వ్యాసము మొదటి భాగము మంచెమీద, చివరిభాగము బస్సులో వ్రాసితిని. అచ్చునకు ప్రతి వ్రాసి యిచ్చినది ఆ బాలికయే. ఇప్పుడు పదవ తరగతి. ఒకచోట అక్షరములు వంకరపోయి మాట తెలియక నన్నడిగినది. నాకును తెలియలేదు. ఇద్దరము కొంతసేపు చూచి దానిని తీసివేసితిమి.