మనవాళ్లు ఉన్నచోటే...

ఆర్కుట్‌ గుర్తుందా? 2004లో వచ్చి, 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అప్పటికే మా గుడివాడ స్నేహితులంతా ఫేస్‌బుక్‌కి మారిపోయారు. వాళ్ల వెనకే నేనూ. మనవాళ్లు లేనిచోట మనకేం పని!

ఉన్నచోటైతే, నచ్చకపోయినా వదల్లేం. నాగాయలంకలో మా అత్తగారికి వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చిపడే గుడ్‌మార్నింగ్‌ పువ్వులంటే మహా చిరాకు. అయినా ఊరి గ్రూపులోంచి బయటికి రారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో ఆవిడ చెల్లెలు కొట్టుకుపోయింది. ఫొటో కూడా లేదు. ఏటా ఆ రోజున గ్రూపులో పోయినవాళ్ల పేర్లు పెడతారు. చెల్లెలి పేరు అత్తగారే టైపు చేస్తారు. కాసేపటికి మచిలీపట్నం నుంచో, అమెరికా నుంచో ఎవరో ఒకరు ‘నాతోపాటే బడికొచ్చేది’ అని రాస్తారు. కళ్లజోడు తుడుచుకుని ఆవిడ అది మళ్లీ మళ్లీ చదువుకుంటారు.