సర్వరు మహిమ

నేను యంత్రభక్తుఁడను. 'కన్సర్టు' అను రైలు రిజర్వేషను కంప్యూటరు పద్ధతి 1994 సెప్టెంబరునందు తొలుత మా సికిందరాబాదుననే అమలుకు వచ్చినదని చెప్పుకొనుట నాకు పెండ్లిశుభలేఖ చదివినట్లుండును. ఏ యూరిలో బండి యెక్కవలసినను ఇక్కడనే టిక్కెట్టు కొను సదుపాయ మట్టి పద్ధతివలననే కలిగినది.

మొన్న నొక కార్యాలయమునకుఁ బోఁగా, గుమాస్తా తల యెత్తకయే 'సర్వరు డౌను' అనెను. వరుసలోనివా రందఱును నిట్టూర్చి యిండ్లకుఁ బోయిరి. ఎందుకని యొక్కరు నడుగలేదు. నేనును బోతిని!

మన తాతలు కర్మ మనిరి, మనము సర్వరనుచున్నాము. పేరు మాఱినది, చేతులు కట్టుకొని కూర్చుండుట మాఱలేదు. ఇఁక కృత్రిమ మేధ మనకు మాఱుగా నాలోచించునని పత్రికలు మురియుచున్నవి. అయ్యా, ఆ పని మనము ముందే మానితిమి కదా!

రేపు మరలఁ బోయి, సర్వ రెప్పుడు బాగగునో వ్రాతమూలముగా నడిగెదను.