పిల్లల యాటలో పరిభాష

బాలురు పోకెమాన్ అను వీడియో క్రీడ నాడునపుడు "స్వీపర్", "వాల్", "స్విచ్" అని కేకలు వేయుట మీరును వినియుందురు. తిరుపతిలో మా యింట సాయంకాలమైనచో నిదియే ఘోష. పదునాలుగేండ్లు వచ్చినది మొదలు నా కుమారుడు నాతో మాటలాడుట తగ్గించెను. కావున వాని భాషనే నేర్వ నిశ్చయించితిని.

1996లో జపానులో పుట్టిన యీ క్రీడలో వింతజంతువులు పోరాడును. ఆటగాడు ఆఱు జంతువుల జట్టును కూర్చుకొనును. ప్రత్యర్థులను వరుసగా తుడిచిపెట్టునది స్వీపర్. దెబ్బల కోర్చి నిలుచునది వాల్, అనగా గోడ. అపాయ మెఱిగి యొకదానిని వెనుకకు పిలిచి వేఱొకదానిని నిలుపుట స్విచ్. నిప్పును నీరు గెలుచును. నీటిని మెఱుపు గెలుచును. ఆ మెఱుపు నేలజాతి నంటనేరదు. అన్నిటిని జయించు జాతి లేదు. జట్టు మేలుకొఱకు నొకదానిని తెలిసియే వదలుకొనుట "సాక్".

మన సీమలో బండలపై గీతలు గీచి యాడు పులిమేక యాటయు నిట్టిదే. పులులను కట్టివేయుటకు మేకల పక్షమువారు ఒక మేకను తెలిసియే యియ్యవలసివచ్చును. మా జేజి దానిని "ఎర" యనెడిది. ఈ సంగతి చెప్పగా మావాడు నవ్వి నా ప్రక్కన కూర్చుండెను.

కొన్నాళ్ళకు వాడే వచ్చి, "అమ్మా, లెక్కలలో నాకు గోడ లేదు, ప్రతి దెబ్బయు తగులుచున్నది" అనెను. పరీక్షలయందలి భయమును నెలల తరబడి దాచుకొన్నాడట! అది యీ మాటలతోనే బయటపడెను.

ఆటకు వేళ నియమించుట మన ధర్మమే. కాని నాలుగు మాటలు నేర్చుకొన్న తల్లికి బిడ్డ మనసులోనికి దారి దొరకును.