సూరతులో నా సిద్ధాంత గ్రంథము

సూరతు నగరమున ఒక కళాశాల గ్రంథాలయమును చూచుకొనుచు, వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమున డాక్టరేటుకై చేరిన నాటినుండి, పగలెల్ల ఇతరుల పరిశోధనలకు గ్రంథములు వెదకి యిచ్చుటయు, కౌంటరు మూసిన పిమ్మట నా పరిశోధనకు నేను వెదకుకొనుటయు నాకు నిత్యకృత్యమైనది. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు ఉద్యోగస్థులకు పార్ట్‌టైమ్ పిహెచ్.డి.ని అనుమతించుచు, పనిచేయు సంస్థనుండి నిరభ్యంతర పత్రమును మాత్రము కోరుచున్నవి; ఆ పత్రము చేతికందుటకు ఎంత కాలము పట్టెనో చెప్పకుండుటయే మర్యాద.

మన దేశమున గ్రంథాలయశాస్త్రమునందు తొలి పిహెచ్.డి. 1950ల చివర ఢిల్లీ విశ్వవిద్యాలయమున, ఆ శాస్త్రాచార్యులైన రంగనాథన్ గారి పర్యవేక్షణలో, డి.బి. కృష్ణారావు గారికి లభించినది. వ్యవసాయశాస్త్ర గ్రంథములను సూక్ష్మముగా వర్గీకరించుట ఎట్లన్నది వారి విషయము. రెండవ డాక్టరేటు 1977 వరకు రానే లేదు. నేడు గాంధీనగరమందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగ యను అంతర్జాల భాండారమును తెరచినచో మా శాస్త్రపు సిద్ధాంత గ్రంథములకు కొదువ లేదు గాని, వానిలో పెక్కు ప్రశ్నావళి పంచి, శాతములు కట్టి, గ్రంథాలయములకు నిధులు పెంచవలెనని ముగియుచున్నవి. ఆ సంగతి ప్రశ్నావళి లేకయే నాకు తెలియును.

నేనెన్నుకొన్న విషయము కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి వచ్చి సూరతులోని లింబాయత్, డిండోలీ ప్రాంతములలో స్థిరపడిన పద్మశాలీల పఠనము. నా ప్రశ్నావళిలో మొదటిది, వారమునకెన్ని మారులు గ్రంథాలయమునకు పోవుదురని. దానికి ఒక నేతకార్మికుడు, "సారూ, పన్నెండు గంటలు సాంచల కాడ నిలవడ్డంక లైబ్రరీకి ఏడికెల్లి పోతం? ఇంటికొచ్చి పండుడే," అనెను. కాగితముపై సున్న చుట్టి లేవబోవుచుండగా, అతని భార్య బతుకమ్మ పాటలు తన చేతితో వ్రాసికొన్న నోటుపుస్తకమును తెచ్చి చూపినది. ఊరి వార్తలను అతడు ప్రతిదినము ఫోనులో చదువుననియు, పురపాలక సంస్థవారి తెలుగు మాధ్యమపు పాఠశాలలో చదువు కూతురు తన పాఠములను నాయనమ్మకు చదివి వినిపించుననియు మెల్లగా బయటపడినది. నాలుగు గోడల నడుమ ఇంత పఠనము సాగుచుండగా, మా శాస్త్రపు పట్టికలో ఆ యిల్లు 'పాఠకేతరుల' గడిలో పడును!

ఆ సున్నను కొట్టివేసితిని. మా గైడుగారు మాత్రము, పట్టికకు ఒదుగని సమాచారమును పరీక్షకులు ఒప్పుకొందురా యని సందేహించుచున్నారు. రంగనాథన్ గారి గ్రంథాలయ పంచసూత్రములలో ప్రతి పాఠకునికి అతని గ్రంథమనునది ఒకటి గదా, అతడు మన గడప త్రొక్కినచో మాత్రమేనని ఆయన వ్రాయలేదని మనవి చేసితిని. వారు నవ్వి, ఆ సంగతిపై అధ్యాయమును ముందు వ్రాసి తెమ్మనిరి. ఇప్పుడు ప్రశ్నావళిని తిరుగ వ్రాయుచున్నాను. గ్రంథాలయపు ప్రశ్న చిట్టచివరకు పోయినది.